అరవై దాటితేనే వినిపించే హోరు: అనంతపురంలో పాత కారు కొనబోయేవారికి హెచ్చరిక

నాలుగు నెలల క్రితం అనంతపురంలో ఒక పాత కార్ల వ్యాపారి వద్ద డీజిల్ కారు కొన్నాను. దాని ముందు చక్రం బేరింగులో (చక్రం సాఫీగా తిరిగేలా చేసే భాగం) ఉన్న లోపాన్ని నాకు తెలియనీయకుండా అమ్మిన తీరూ, ఆ తర్వాత మరమ్మతు పేరుతో ఒక షెడ్డులో నా చేత పెట్టించిన ఖర్చూ ఇతరులకు తెలియాలని ఇది రాస్తున్నాను. ఫిర్యాదు నడుస్తున్నందున ఇద్దరి పేర్లూ ఇక్కడ చెప్పడం లేదు.

కొనే ముందు నేను కారు నడపకుండా ఏమీ లేను. వ్యాపారి పంపిన కుర్రవాడు పక్కన కూర్చుని, ఏసీ పూర్తిగా పెంచి, పాటలు పెట్టి, టవర్ క్లాక్ పరిసరాల రద్దీలో తిప్పించి తీసుకువచ్చాడు. ఆ వీధుల్లో బండి వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటదు. హైవే మీద ఒకసారి నడిపి చూస్తానంటే, "డీజిల్ తక్కువుంది సార్, ఇంజన్ మాత్రం వెన్నలా ఉంటుంది" అన్నాడు. ఇంజన్ నిజంగానే బాగుంది. ఆ మాటకు నేను పడిపోయాను. బండిని నా పేరుకు మార్చే ఫారం 29, ఫారం 30 మీద అదే రోజు సంతకాలు పెట్టేశాను.

మరుసటి వారం కర్నూలు వెళ్లడానికి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కాక అసలు సంగతి బయటపడింది. వేగం 60 దాటగానే కింద ఎక్కడో మొదలైన గుయ్‌మనే హోరు, 80కి చేరేసరికి పక్కన కూర్చున్న మా ఆవిడ మాట వినపడనంత పెద్దదైంది. పామిడి వద్ద పెన్నా వంతెన దాటాక బండి ఆపి నాలుగు చక్రాలూ చూశాను. కంటికి ఏ తేడా కనిపించలేదు.

తిరిగి వచ్చాక వ్యాపారి తనకు తెలిసిన షెడ్డుకు పంపాడు. అక్కడ మొదట చక్రాల అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేశారు, తర్వాత ముందు టైర్లు రెండూ మార్పించారు. మొత్తం 12,600 రూపాయలు అయింది. హోరు ఏమాత్రం తగ్గలేదు. అప్పుడు గేర్‌బాక్స్ దింపాలనీ, 42,000 అవుతుందనీ, ఆలస్యం చేస్తే ఇంకా పెరుగుతుందనీ చెప్పారు. ఇంతవరకూ ఎవరూ జాకీ వేసి చక్రం చేత్తో తిప్పి చూడలేదన్న సంగతి, బండిని అక్కడే వదిలేయడానికి సిద్ధపడిన నాకు కూడా తట్టలేదు.

గుత్తిలో లారీలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి మా బావమరిది నన్ను లాక్కుపోయాడు. ఆయన పానా ముట్టుకోకముందే నా పక్కన కూర్చుని హైవే మీదికి తీసుకువెళ్లమన్నారు. ఒకే వేగంలో నాలుగో గేరులోనూ ఐదో గేరులోనూ నడిపించారు. ఇంజన్ తిరిగే వేగం మారినా హోరు మారలేదు, అంటే అది చక్రాల వేగాన్ని బట్టి వస్తున్నదే కాని ఇంజన్‌ను బట్టి కాదు. తర్వాత రోడ్డు ఖాళీగా ఉన్నచోట న్యూట్రల్ చేయించారు. హోరు అలాగే ఉంది. (ఈ పరీక్షలో ఇంజన్ ఆపకూడదు, ఆపితే బ్రేకు, స్టీరింగు బిగుసుకుపోతాయి.) న్యూట్రల్‌లో కూడా, చక్రాలకు ఇంజన్ శక్తిని పంచే డిఫరెన్షియల్ చక్రాలతో పాటు తిరుగుతూనే ఉంటుంది కనుక ఇదొక్కటే చాలదని చెప్పి, స్టీరింగును కొద్దిగా ఎడమకూ కుడికీ ఊపమన్నారు. ఎడమకు తిప్పినప్పుడు హోరు పెరిగింది, కుడికి తిప్పితే దాదాపు ఆగింది. ఎడమకు తిరిగేటప్పుడు బండి బరువు కుడి చక్రాల మీద పడుతుంది. "కుడి ముందర బేరింగు సామీ, గేర్‌బాక్స్ జోలికి పోవద్దు" అన్నారాయన.

ఆయన తన షెడ్డులో జాకీ వేసి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చెయ్యి సస్పెన్షన్ స్ప్రింగు మీద పెట్టమన్నారు. ఇసుక నలుగుతున్నట్టు గరగర అరచేతికి తెలిసింది. ఎడమ చక్రానికి అలాంటిదేమీ లేదు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కొద్దిగా ఆడింది. అడ్డంగా పట్టుకున్నప్పుడు మాత్రమే ఆడితే అది స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ లోపం అయ్యే అవకాశం ఎక్కువట.

బేరింగు విప్పాక నాకు మరింత కోపం వచ్చింది. చక్రం మధ్యలో ఉండే హబ్ నట్టు కొత్తది, గ్రీసు తాజాది, బేరింగు అంచున సుత్తి దెబ్బల గుర్తులు. ప్రెస్సుతో (సమంగా నొక్కే యంత్రంతో) ఎక్కించవలసిన బేరింగును ఎవరో ఈ మధ్యనే సుత్తితో కొట్టి ఎక్కించారు. ఆ దెబ్బలకు లోపలి గాడి చెడితే, బేరింగు కొత్తదైనా కొద్ది రోజుల్లోనే మోత మొదలవుతుంది. అంటే ఈ చక్రంలో లోపం ఉందని నాకన్నా ముందే తెలిసినవారు ఉన్నారు. అసలైన కొత్త బేరింగు, ప్రెస్సు పని, కూలి కలిపి 3,400 రూపాయలతో హోరు పూర్తిగా పోయింది. ఆయన నట్టును బిగింపు కొలిచే టార్క్ పానాతోనే బిగించారు.

కొనేవారు దయచేసి రేడియో, ఏసీ ఆపి, అద్దాలు ఎక్కించి, రాప్తాడు వైపో గుత్తి వైపో కనీసం పది కిలోమీటర్లు హైవే మీద 80 వేగంతో నడపండి. వ్యాపారి ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి. టైరు మీద అరచెయ్యి రాయండి. మెట్లు మెట్లుగా అరిగిన టైరు కూడా అచ్చం బేరింగులాగే హోరు పెడుతుంది, అందుకే వెనక టైర్లను ముందుకు మార్చి చూస్తే డబ్బు ఖర్చు లేకుండా తేడా తెలుస్తుంది. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. పూర్తిగా తిప్పి మలుపు తీసేటప్పుడు టకటకమంటే సీవీ జాయింటు (చక్రానికి శక్తినిచ్చే ఇరుసు చివరి కీలు), బ్రేకు నొక్కినప్పుడు కీచుమంటే బ్రేకు ప్యాడ్లు అనుకోండి. ఏ షెడ్డులోనైనా విప్పిన పాత సామాను అడిగి తీసుకోండి. బేరింగు నా చేతికి రాకపోతే ఈ సుత్తి గుర్తులు నేను చూసేవాడినే కాదు.

వ్యాపారిని అడిగితే, "పాత బండి అన్నాక కొంచెం మోత ఉంటుంది సార్" అని ఫోను పెట్టేశాడు. రసీదులూ ఫొటోలూ దాచుకుని 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. దానికి రెండేళ్ల గడువు ఉంది, కొన్న ధర 5 లక్షల లోపు గనుక ఫీజు కూడా లేదు. ఆ బేరింగు ఒక కవరులో మా బీరువాలో ఉంది.