భోగాపురం తీరంలో సల్సా వీకెండ్: నేర్పినవాళ్లు బంగారం, రిసార్టు మాత్రం మోసం

జంటగా డాన్స్ చేసేవాళ్లకి అన్నిటికంటే ముందు కావలసింది మంచి నేల. పాట నచ్చకపోతే ఇంకో పాట పెట్టుకోవచ్చు. ఒకరితో కుదరకపోతే ఇంకొకరితో ఆడొచ్చు. నేల బాగోలేకపోతే మాత్రం మోకాలు పోతుంది. భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న ఒక రిసార్టు ఫొటోల్లో చెక్క ఫ్లోర్ ఉన్న ఏసీ హాలు చూపించి మా దగ్గర డబ్బు కట్టించుకుంది. తీరా వెళ్లాక లాన్ మీద కార్పెట్ పరిచి, ఇక్కడే ఆడుకోండి అంది. ఆ కోపం ఇంకా చల్లారలేదు, అందుకే రాస్తున్నాను.

అది కొందరు కుర్రాళ్లు ఆ రిసార్టులో పెట్టిన సల్సా, బచాటా వీకెండ్. రెండూ జంటగా ఆడే లాటిన్ డాన్సులు. శనివారం పొద్దున్న మొదలై ఆదివారం సాయంత్రానికి ముగుస్తుంది. జంటకి 11,800 రూపాయలు, ఒంటరిగా వస్తే 6,500. అందులోనే ఒక రాత్రి గది, భోజనాలు, వర్క్‌షాపులు, శనివారం రాత్రి సోషల్ డాన్స్ (పాఠాలు లేకుండా, ఒకరినొకరు పిలుచుకుని సరదాగా ఆడటం) అన్నీ వచ్చేస్తాయి. నేనూ మా ఆయనా విశాఖలో క్లాసులకి వెళ్తుంటాం. మాతోపాటు మా ఆడపడుచు, వాళ్లాయన కూడా బయల్దేరారు. విజయనగరం నుంచి నాతవలస మీదుగా కారుకి 1,400 అయింది. విశాఖ నుంచి వచ్చేవాళ్లయితే శ్రీకాకుళం వైపు వెళ్లే ఆర్టీసీ బస్సెక్కి భోగాపురంలో దిగి ఆటో మాట్లాడుకోవడం మేలు. ఆటోకి 150 అడుగుతారు, 120కి వస్తారు.

లోపలికి వెళ్లేసరికి హాలు గుమ్మానికి బంతిపూల దండలు కడుతున్నారు. మా కోసమేనని మా ఆడపడుచు సంబరపడింది. మాఘమాసం, పెళ్లిళ్ల రోజులు. హాలు సంగీత్ పార్టీకి ఇచ్చేశారు. మేనేజర్ని అడిగితే, "వాళ్లది పెద్ద బుకింగ్ మేడమ్, మీకు ఓపెన్ ఎయిర్ ఇంకా బాగుంటుంది" అన్నాడు. ఎప్పుడు మార్చారంటే జవాబు లేదు. నిర్వాహకులకి కూడా ముందురోజు రాత్రే చెప్పారట. పాపం, ఆ కుర్రాళ్ల మొహాలు చూస్తే వాళ్ల మీద గట్టిగా అరవడానికి కూడా మనసు రాలేదు.

కార్పెట్ అయితే ఏమైంది అనేవాళ్లకి చెబుతున్నాను. సల్సాలో తిరగడం అంతా పాదం ముందు భాగం మీదే జరుగుతుంది. అందుకే స్వెడ్ (నూగులాంటి మెత్తటి తోలు) అడుగున్న బూట్లు వేసుకుంటాం, అవి చెక్క మీద కావలసినంతే జారతాయి. కార్పెట్ మీద ఆ బూటు పట్టేసుకుంటుంది. ఒళ్లు తిరుగుతుంది, పాదం తిరగదు, మధ్యలో మెలి పడేది మోకాలు. పైగా దాని కింద గడ్డి, గడ్డి కింద ఎత్తుపల్లాలు, కార్పెట్ మీద ఎగిరొచ్చిన ఇసుక. నా బూట్లు 3,200 పెట్టి కొన్నవి. మధ్యాహ్నానికల్లా అడుగు గరుకుతేలిపోయింది. మా ఆయన మూడు రైట్ టర్న్‌లు వేసి మోకాలు పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. ఇక సాయంత్రం దాకా ఆయనకి మాటల్లేవు.

నేర్పినవాళ్లకి మాత్రం చేతులెత్తి దండం పెట్టాలి. హైదరాబాదు నుంచి వచ్చిన జంట వాళ్లు. నేల చూడగానే వాళ్లు అనుకున్న పాఠాన్ని మార్చేశారు. తిరగడాలు పక్కన పెట్టి, లీడ్ చేసేవాళ్ల, అంటే జంటలో అడుగు నడిపించేవాళ్ల చెయ్యి ఏం చెబుతోందో ఎదుటివాళ్లకి ఎలా తెలుస్తుందన్నదే గంటన్నర నేర్పారు. కళ్లు మూసుకుని, అరచేతులు ఆనించి, ముందుకీ వెనక్కీ నడవడం. వినడానికి ఏముంది అందులో అనిపిస్తుంది. నా మటుకు నాకు క్లాసుల్లో అర్థం కాని క్రాస్ బాడీ లీడ్ (ఎదుటి మనిషిని తన ముందునుంచి అవతలి వైపుకి నడిపించడం) ఆ నడకతోనే అర్థమైంది. చేత్తో లాగితే కాదు, దారి ఇస్తే వస్తుంది మనిషి.

మా ఆడపడుచు చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకుంది. సల్సా ఎనిమిది లెక్కల మీద నడుస్తుంది: ఒకటి, రెండు, మూడు అడుగులు, నాలుగు ఆగడం, ఐదు, ఆరు, ఏడు అడుగులు, ఎనిమిది ఆగడం. ఆదితాళం కూడా ఎనిమిది అక్షరాలే కదా, ఆమెకి లెక్క వెంటనే పట్టుబడింది. అడుగు మాత్రం తప్పేది. అరమండిలో కూర్చుని నేలని కొట్టడం అలవాటైన కాళ్లు, బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మెల్లగా మార్చమంటే వినవు. బచాటాలో నాలుగో లెక్కకి నడుం కదపాలంటే, "వదినా, మా గురువుగారు చూస్తే ఏమంటారో" అని సిగ్గుపడిపోయింది. 1919లోనే సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసు గారిని మొదటి ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టిన ఊరు మా విజయనగరం. కాలికి గజ్జె కట్టి హరికథ చెప్పిన మహానుభావుడాయన. అలాంటి ఊళ్లో ఇప్పుడు మొగుడూ పెళ్లాం కలిసి డాన్స్ నేర్చుకుంటామంటే వింతగా చూడటం నాకు నచ్చదు.

రాత్రి సోషల్ ఎనిమిదికని చెప్పి ఎనిమిదిన్నర దాటాక మొదలుపెట్టారు. తొమ్మిదిన్నరకి మంచు పడి కార్పెట్ చెమ్మగిల్లింది. సరిగ్గా పదికి రిసార్టు మనిషి వచ్చి స్పీకర్ తీగ లాగేశాడు. రాత్రి పది తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదన్నది దేశమంతా ఉన్న నిబంధన, 2000లో వచ్చింది. దాన్ని నేను తప్పు పట్టను, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నిద్రపోవాలి. కానీ మూసి ఉన్న హాలుకి ఆ నిబంధనలోనే మినహాయింపు ఉంది. మాకు అమ్మింది ఆ హాలే. పెళ్లివాళ్లు లోపల పదకొండున్నర దాకా ఎగిరారు, మేం గదిలో పడుకుని ఆ పాటలు విన్నాం.

ఆ కాసేపు డాన్స్‌లోనూ ఒకాయన దొరికాడు. ఎక్కడో పెద్ద నగరంలో ఏళ్ల తరబడి చేస్తున్నాడట. ప్రతి ఆడపిల్లనీ పిలవడం, రెండు అడుగులు వేయగానే ఆపి "అలా కాదు, భుజం దించు" అని పాఠం మొదలుపెట్టడం. సోషల్‌లో అడగకుండా పాఠం చెప్పకూడదు, ఇది ఈ డాన్సుల్లో అందరికీ తెలిసిన మర్యాద. తప్పు చేస్తే నవ్వి ముందుకు పోవాలి. అడిగినవాళ్లతో ఆడాలనీ లేదు, వద్దంటే కారణం చెప్పక్కర్లేదు. కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి కళ్లలో నీళ్లు పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. నిర్వాహకులు ఆయనతో ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది.

గది సంగతి: ఏసీ పనిచేసింది, వేడినీళ్లు రాలేదు, తక్కువైన దుప్పట్లు ఫోన్ చేశాక ఇచ్చారు.

ఆదివారం పొద్దున్న మా ఆడపడుచు వాళ్లాయన ఒక పని చేశారు. ఆయనకి డాన్స్ మీద ఇష్టం లేదు, భార్య కోసం వచ్చారంతే. తెల్లారి వాకింగ్‌కి వెళ్లినప్పుడు డైనింగ్ హాలు వెనక వరండా చూశారు. నున్నటి గ్రానైటు. అక్కడ ఊడుస్తున్న కుర్రాళ్లతో మాట్లాడి, టిఫిన్ వేళ దాకా వాడుకుంటాం అని ఒప్పించి, అందరినీ లేపుకొచ్చారు. బల్లలు పక్కకి జరిపి రువేదా మొదలుపెట్టాం. 1950లలో హవానాలో పుట్టిన పద్ధతి అది. జంటలన్నీ గుండ్రంగా నిలబడతాయి, ఒకరు పిలుపు ఇస్తారు, అందరూ ఒకేసారి అదే అడుగు వేస్తారు. "డామె" అనగానే లీడ్ చేసేవాళ్లు తర్వాతి జోడీని అందుకోవాలి. ఒకరు తడబడితే వలయం మొత్తం చెదురుతుంది, మళ్లీ కుదురుకుంటుంది. ముందు రాత్రి ఏడ్చిన అమ్మాయి ఆ వరండాలో ఎంత హాయిగా తిరిగిందో! మా ఆయన కూడా మోకాలికి క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని వచ్చి నిలబడ్డారు. ఆ గంటకి మేం కట్టిన డబ్బంతా చెల్లిపోయిందని నేను నిజంగా అనుకుంటున్నాను.

రిసార్టు భోజనం గురించి చెప్పడానికేం లేదు, ఎక్కడైనా దొరికే పనీర్, ఎక్కడైనా దొరికే నూడుల్స్. సముద్రం ఎదురుగా ఉండి చేప లేదు. ఆదివారం మధ్యాహ్నం ముక్కాం అనే ఊరి వైపు వెళ్తే, రేకుల షెడ్డు ముందు ఒక పెద్దావిడ పిలిచింది. "రండమ్మా, కూకోండి, ఏడేడిగా ఉంది" అంది. వేడన్నం, చింతకాయ వేసిన నెత్తళ్ల పులుసు, వంజరం వేపుడు, గడ్డపెరుగు. మనిషికి 180. వంజరం ముక్క అరచెయ్యంత ఉంది. అన్నం రెండోసారి అడిగే పని లేకుండా ఆవిడే వడ్డించింది. మా ఆయన ఆ రెండు రోజుల్లో మొదటిసారి నవ్వింది ఆ నెత్తళ్ల పులుసు తిన్నాకే. అటు వెళ్లేవాళ్లు మధ్యాహ్నం ఒంటిగంటలోపు వెళ్లండి, తర్వాత చేప మిగలదు.

చివరికి బిల్లు. ప్యాకేజీ బయట మేం తీసుకున్న టీలు, పకోడీలు, నీళ్ల సీసాలకి 2,340 వేశారు. దాని మీద 234 సర్వీస్ ఛార్జి. బలవంతంగా సర్వీస్ ఛార్జి వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జూలైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఇది చెబితే "సిస్టమ్‌లో వచ్చేస్తుంది మేడమ్" అన్నాడు మేనేజర్. మా ఆడపడుచు వాళ్లాయన గొంతు పెంచలేదు. ఫోన్ తీసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నొక్కి, స్పీకర్ ఆన్ చేసి కౌంటర్ మీద పెట్టారు. అవతల ఫోన్ ఎత్తేలోపే కొత్త బిల్లు వచ్చింది, 2,340కి.

హాలు విషయంలో మాత్రం రిసార్టు పైసా తగ్గించలేదు. నిర్వాహకులే వాళ్ల జేబులోంచి జంటకి 1,000 వెనక్కి ఇచ్చారు. మళ్లీ పెడితే వెళ్తాం, వాళ్ల కోసం వెళ్తాం. ఆ రిసార్టులో అయితే రాము. ఇంకెక్కడైనా సరే, హాలు పేరు, ఫ్లోర్ ఏ రకం, పాటలు ఎన్నింటిదాకా అన్న మూడూ రసీదు మీద రాయించుకున్నాకే అడ్వాన్స్ కడతాం. మీరూ అలాగే అడగండి. రాసివ్వడానికి నీళ్లు నమిలితే ఆ హాలు అప్పటికే ఎవరి పెళ్లికో మాటిచ్చేశారన్నమాట.