అండాశయంలో గడ్డకు ఆపరేషన్: మా జిల్లా కేంద్రంలోని ఒక ఆసుపత్రి సేవపై సమీక్ష
కడుపు ఉబ్బరమని వెళ్లిన మా అమ్మకు మూడు నెలలపాటు గ్యాస్ మాత్రలే ఇచ్చిన ఈ ఆసుపత్రిలో, స్కానింగులో అండాశయంపై గడ్డ, రక్తపరీక్షలో సీఏ-125 (అండాశయ క్యాన్సర్‌లో తరచుగా పెరిగే ప్రోటీన్) ఎక్కువగా కనిపించిన తరువాత కూడా, క్యాన్సర్ శస్త్రచికిత్స నిపుణుల వద్దకు పంపకుండా గడ్డను మాత్రమే తొలగించారు. నర్సుల ఓర్పుకు వంక పెట్టలేను. అయితే అండాశయ క్యాన్సర్‌లో గర్భాశయం, రెండు అండాశయాలు, ఒమెంటం అనే కొవ్వు పొరతో సహా కంటికి కనిపించే కణితినంతటినీ తీసివేయడంపైనే రోగి ఆయుష్షు చాలావరకు ఆధారపడుతుంది కనుక, మొదటి ఆపరేషనే ఆ పని తెలిసిన చేతుల్లో జరగాలి. అమ్మకు హైదరాబాదులో రెండోసారి ఆపరేషన్ చేయవలసి వచ్చింది. ఆరోగ్యశ్రీ ఆ ఖర్చును భరించింది గాని, తోడున్న నాన్న పోగొట్టుకున్న కూలిని, గది అద్దెను ఎవరూ భరించలేదు. ప్రసవాలకు ఈ ఆసుపత్రిని నిస్సంకోచంగా సూచిస్తాను; అండాశయంలో గడ్డకు మాత్రం సూచించలేను.