డ్రై క్యాబినెట్‌లో తోలు ప్లానర్లు: తలుపు మీది అంకెను నమ్మకండి

లోపలి గాలిలో తేమను తగ్గించి ఉంచే, కెమెరాలు, లెన్సులు దాచుకోవడానికి అమ్మే ఎలక్ట్రిక్ డ్రై క్యాబినెట్‌ను నేను కొన్నేళ్లుగా తోలు ప్లానర్ల కోసం, అంటే రింగులకు కాగితాలు తగిలించే తోలు అట్టల డైరీల కోసం వాడుతున్నాను. ఎన్ని లీటర్లు, ఎన్ని అరలు అన్నవి దుకాణంలో ఎవరైనా చెబుతారు. నేను చెప్పదలచుకున్నది దాని తలుపు మీద ఎర్రగా వెలిగే తేమ శాతం గురించి. ఆ అంకె మీద నాకు చెప్పలేనంత కోపం ఉంది.

మా ఇల్లు లాసన్స్ బే కాలనీలో. సముద్రపు గాలి నేరుగా గదిలోకి వస్తుంది. విశాఖలో ఎండాకాలం కూడా పొడిగా ఉండదు, ఉక్కపోతే. గాలిలో తేమ 65 శాతం దాటి రోజుల తరబడి అలాగే ఉంటే తోలుకు బూజు పడుతుంది. చెక్క బీరువాలో ఉన్నప్పుడు ప్రతి వానాకాలంలోనూ ప్లానర్ల వెన్ను మీద బూడిదరంగు నూగు, తెరిస్తే ముక్కిపోయిన వాసన, ఉప్పుగాలికి రింగుల మొదళ్లలో తుప్పు. క్యాబినెట్‌లోకి మార్చాక వీటిలో ఒక్కటీ లేదు. అందుకే మొదట్లో అడిగినవారందరికీ "50 దగ్గర పెట్టి నిశ్చింతగా ఉండండి" అని చెప్పేదాన్ని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.

మా మేనమామ 1980లలో కొన్న ఫైలోఫాక్స్ కంపెనీ ప్లానర్ నా దగ్గర ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతది. ఆరు రింగులు, ముదురు గోధుమరంగు తోలు, ముందుకు మడిచి బటన్ పెట్టే పట్టీ. కిందటి వేసవిలో దాన్ని బయటికి తీసి పట్టీ విప్పబోతే వంగనని మొండికేసింది. మడత దగ్గర వెంట్రుకంత సన్నని పగుళ్లు. గోరు తగిలితే పైపొర పొట్టులా లేచింది. మరీ పొడిగాలిలో తోలు బిరుసెక్కి ముందు మడతల దగ్గరే చిట్లుతుంది. 40 శాతం కన్నా తక్కువ తేమలో ఎక్కువకాలం ఉంచవద్దనేది అందుకే. తలుపు మీద చూస్తే 50 అనే వెలుగుతోంది!

విడిగా తేమను కొలిచే మీటరు ఒకటి కొన్నాను. ముందు దాని సంగతి తేల్చుకోవాలి కదా. సీసామూతలో చెంచాడు ఉప్పు పోసి, తడిసి ముద్దయ్యేలా నాలుగు చుక్కల నీళ్లు వేసి, గాలి చొరబడని సంచిలో మీటరుతో పాటు రాత్రంతా ఉంచాను. మూసిన చోట తడి ఉప్పు గాలిలో తేమను 75 శాతం దగ్గర నిలబెడుతుంది. మీటరు 74 చూపింది. అదే మీటరును క్యాబినెట్‌లో పెట్టి మర్నాడు చూస్తే 37. తలుపు మీద మాత్రం ఎప్పటిలాగే 50. బూజు నుంచి కాపాడుతున్నానని చెబుతూనే ఆ పెట్టె ఇన్నాళ్లూ నా ప్లానర్లను ఎండగట్టింది.

సర్వీసుకు వచ్చిన కుర్రాడు "కాస్త అటూ ఇటూ ఉంటుంది మేడమ్, కెమెరాలకు ఏమీ కాదు" అన్నాడు. లెన్సులకు ఏమీ కాకపోవచ్చు. కానీ పెట్టె వచ్చిన అట్ట మీద తోలు బ్యాగుల బొమ్మ కూడా వేసి అమ్మారు. అది చూసి కొన్నవాళ్లకు ఎవరు సమాధానం చెబుతారు?

ఇప్పుడు 62 దగ్గర పెడితే లోపల 48, 50 మధ్య ఉంటోంది. తోలుకు అది సరిపోతుంది. పట్టీకి తోలును మెత్తబరిచే లెదర్ కండిషనర్ చాలా పల్చగా రాశాను. కాస్త వంగుతోంది, పగుళ్లు మాత్రం పోలేదు, పోవు కూడా. మిగిలినవాటిని కూడా ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, పట్టీలు విప్పి, రింగులు మూసి, పుస్తకాల్లా ఎడంగా నిలబెట్టాను. లెన్సుల కోసం ఇచ్చిన స్పాంజి తోలు మీద అచ్చులు వేస్తుందని తీసేసి తెల్ల నూలుగుడ్డ పరిచాను. పీవీసీ కవర్లు అసలే వద్దు, నాళ్లు గడిచేకొద్దీ తోలుకు అతుక్కుపోతాయి. ఇంకొకటి, తెల్లటి పొర కనిపించగానే బూజు అని కంగారు పడకండి. హెయిర్ డ్రయ్యర్‌ను దూరంగా పట్టి గోరువెచ్చని గాలి తగిలిస్తే కరిగి ఇంకిపోయేది తోలులోని కొవ్వు. బూజు కరగదు.

కరెంటు లేకపోతే ఇది వట్టి పెట్టె. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విరుచుకుపడ్డాక రోజుల తరబడి చీకట్లో గడిపిన ఊరు మనది. అందుకని తుఫాను హెచ్చరిక రాగానే తేమను పీల్చే సిలికా జెల్ సంచులు లోపల పెట్టి, తలుపు మళ్లీ తెరవను.

నాలాగా సముద్రం పక్కనే ఉంటూ, అరల నిండా పాత ప్లానర్లు ఉన్నవారైతే కొనవచ్చు, కాని విడి మీటరు కూడా అదే రోజు కొనాలి. రెండో మూడో ఉన్నవారికి బిగుతు మూత డబ్బా, సిలికా జెల్, అందులో ఒక చిన్న మీటరు చాలు. హైదరాబాదులో ఉండే మా చెల్లెలికి మాత్రం నేను ఏదీ కొనమని చెప్పలేదు. అక్కడ ఆమె బీరువాలోనే నూలు సంచుల్లో ఉంచుతోంది, బాగానే ఉన్నాయి. నా పెట్టెకు వారంటీ ఇంకా ఉంది. అంకెలు చూపే ఆ భాగాన్ని మార్చమని మళ్లీ అడుగుతున్నాను, మార్చేదాకా అడుగుతాను.