మా నాయన చెవికి మూడేళ్ల ఓటీటీ

ఈ యాప్ కొత్తగా తీసుకున్నప్పుడు తొందరపడి 5 స్టార్లు ఇచ్చేశాను. మూడేళ్లు వాడాక ఇప్పుడు ఒకటి వెనక్కి తీసుకుంటున్నా. ఒకటిన్నర తీసుకునే వీలుంటే అదే చేసేవాణ్ణి. రేటు పెంచారనో, డబ్బు కట్టినా మధ్యలో యాడ్లు వస్తున్నాయనో కాదు, అవి అందరూ రాసేవే. నా గొడవంతా సబ్‌టైటిల్స్ గురించి. నా సంతోషం కూడా వాటి గురించే.

మా నాయన ఆర్టీసీలో 29 ఏళ్లు డ్రైవరు. ఎక్కువ కాలం తిరుపతి–వేలూరు సర్వీసు. పాత బండ్లలో ఇంజను డ్రైవరుకు ఎడమ పక్కనే ఉండేది, రోజంతా ఆ మోత చెవిలోనే. రిటైరయ్యేసరికి ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం పోయాయి. వినికిడి మిషను కొనిచ్చాం. కుయ్యిమంటోందని బీరువాలో పెట్టేశాడు. ఇక టీవీ సౌండు 45కు తగ్గేది కాదు. బైరాగిపట్టెడలో మాకూ పక్కింటికీ గోడ ఒకటే. మా ఇంట్లో ఏ సినిమా నడుస్తోందో, ఎంతవరకు వచ్చిందో పక్కింటి అక్క పొయ్యి దగ్గర నిలబడే చెప్పేది.

2021 డిసెంబరులో పుష్ప వస్తే థియేటరుకు తీసుకెళ్లాను. కథేమో మన శేషాచలం ఎర్రచందనం, మాటేమో మన చిత్తూరు యాస. నాయన ప్రతి డైలాగుకూ "ఏమన్నాడ్రా?" అని అడుగుతున్నాడు, నేను గట్టిగా చెబుతున్నాను, ముందు సీటాయన వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నాడు. ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ పొట్లం నా చేతిలో పెట్టి, "మన మాటే నాకు ఇనపడలేదు పోరా" అన్నాడు. 2024లో రెండో భాగానికి పిలిస్తే, "మీరు పోండి" అనేశాడు. వినికిడి, చూపు సమస్యలు ఉన్నవాళ్లకు థియేటర్లలో ఏర్పాట్లు ఉండాలని కేంద్రం అదే ఏడాది మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ తర్వాత నేను చూసిన ఏ ఆటలోనూ తెర మీద ఒక్క తెలుగు అక్షరం కనబడలేదు.

ఇంట్లో యాప్‌లో చూద్దామన్నా తెలుగు సినిమాల కింద వచ్చేది ఇంగ్లీషే. "ఏందిరా ఆ చీమలు?" అనేవాడు. ఒకరోజు మా పాప రిమోట్‌తో ఆడుతూ ఏదో నొక్కితే భాషల పట్టీ తెరుచుకుంది. అందులో "తెలుగు సీసీ" అని ఉంది. నొక్కింది. అది ఆ యాప్ వాళ్లు సొంతంగా తీసిన సిరీసు. మాటలు సరే, శబ్దాలు కూడా రాతలో వచ్చాయి. "తలుపు కిర్రుమంది." "గాజులు గలగలలాడాయి." నాయన ముందుకు వంగి ఒక్కొక్కటీ పైకి చదవడం మొదలుపెట్టాడు. "దూరంగా కుక్క మొరుగుతోంది" అని వచ్చింది. ఆగి, మా వైపు తిరిగి, "ఈడ కుక్క ఉండాదా?" అని అడిగాడు. ఉంది. మేమెవరం దాన్ని పట్టించుకోలేదు.

ఆ రాత్రి సౌండు 12లో పెట్టుకుని మూడు ఎపిసోడ్లు చూశాడు. నేను 5 స్టార్లు ఇచ్చింది ఆ మరుసటి రోజే.

తర్వాత తెలిసింది అసలు సంగతి. తెలుగు రాతలు ఉండేది ఎక్కువగా వాళ్లు సొంతంగా తీసినవాటికే. నాయనకు కావలసిన పెద్ద హీరోల సినిమాలు కొనుక్కొచ్చి పెట్టినవి, వాటికి మళ్లీ చీమలే. ఏ సినిమాకు ఏ భాషలో రాతలున్నాయో ప్లే చేసేదాకా తెలియదు. పాత సినిమాలతో ఆయనకు ఇబ్బంది లేదు. 1946లో చిత్తూరు నాగయ్య తీసి, తానే నటించిన త్యాగయ్య ఆయనకు పాటలతో సహా కంఠతా. పెదవులు కదిలితే చాలు. కొత్తవాళ్లతోనే చిక్కు. సగం మాటలు గొంతులో మింగుతారు, మిగతా సగం వెనక డప్పులు మింగేస్తాయి.

ఇంకో మాట. ఆ తెలుగు రాతలు కూడా పుస్తకం తెలుగే. వాడు "యాడికి పోతాండావ్" అంటే కింద "ఎక్కడికి వెళ్తున్నావు" అని పడుతుంది. నాయనకు నవ్వు. "వీడికి చదువొచ్చిందే!"

పోయిన సంక్రాంతికి చిత్తూరు నుంచి అక్కా బావా వచ్చారు. అందరం కూర్చుని తెలుగులోకి డబ్ చేసిన తమిళ సినిమా పెట్టాం. దానికి తెలుగు రాతలున్నాయి, ఇంకేం కావాలి అనుకున్నాం. పది నిమిషాల్లో గొడవ మొదలైంది. హీరో "మాది చిత్తూరు" అన్నాడు, కింద "మాది మదురై" అని పడింది. నాయన మదురై అంటాడు, బావ "లేదు మామా, చిత్తూరే" అంటాడు. వెనక పోతున్న బస్సు బోర్డు తమిళంలో ఉంది. నాయన చదివి, "దిండుగల్ బండి చిత్తూరులో ఏం జేస్తాంది?" అన్నాడు. బావ దగ్గర జవాబు లేదు.

క్లైమాక్సులో అమ్మ హీరోను పట్టుకుని ఏడుస్తూ "నువ్వే చంపావు" అంటోంది. మేమందరం వాడే హంతకుడని నోళ్లు తెరిచాం. నాయన మాత్రం "చంపిందెవుర్రా? వీడివల్ల పోయినాడంటాంది, అంతే" అంటాడు. అక్క నవ్వింది, బావ మర్యాదకు ఊరుకున్నాడు. నాకు పంతం పట్టి ఆడియో తమిళంలోకి మార్చి ఆ సీను మళ్లీ పెట్టాను. వేలూరు సర్వీసు చేసినాయనకు తమిళం రాకపోవడమేమిటి? లేచి వెళ్లి కుడి చెవి స్పీకరుకు ఆనించాడు. "ఉన్నాల దా సెత్తాన్." నీవల్లే చచ్చాడు. డబ్బింగు వాళ్లు పెదవుల కదలికకు తగ్గట్టు మాట మార్చేశారు, కింద రాసినవాళ్లు అసలు తమిళం నుంచి రాశారు. ఆ ఇంట్లో సినిమా సరిగ్గా అర్థమైంది చెవులు వినపడని ఆయనొక్కడికే. పండగ మూడు రోజులూ ఈ కథ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పాడు.

ఇంతా చేసి నేను స్టారు కోసింది మరోదానికి. మొన్న వేసవిలో యాప్ అప్‌డేట్ అయి సెట్టింగులన్నీ మొదటికొచ్చాయి. తెలుగు పోయి ఇంగ్లీషు పడింది. మేమెవరం గమనించలేదు. నాయన అడగలేదు. రెండు రోజులు ఆ చీమల వైపే చూస్తూ కూర్చున్నాడు. మూడోరోజు పాప చూసి, "తాతా, అర్థమవుతాందా?" అని అడిగితే, "తీసేసినారేమోలే" అన్నాడు. మార్చడానికి అరనిమిషం పట్టింది.

ఇంట్లో అందరికీ చెవులు బాగుంటే మీకిదంతా అక్కర్లేని సోది, వేరే యాప్ తీసుకున్నా నష్టం లేదు. మా అమ్మయితే దీనికి డబ్బు దండగంటుంది. ఆమె సీరియళ్లు ఇందులో రావు మరి. వచ్చే నెల ఏడాది ప్లాను అయిపోతుంది. నేనైతే మూడు నెలలకే కట్టి చూద్దామనుకుంటున్నా. నాయన పాత డైరీ ఒకటి టీవీ పక్కన పెట్టుకున్నాడు. తెలుగు రాతలున్నవి దొరికినప్పుడల్లా పేరు రాసుకుంటాడు. మూడేళ్లలో 38 అయ్యాయి. నిన్న రాత్రి నా దగ్గరికి తెచ్చి, "ఇవన్నీ ఇంకోతూరి చూసినా సరిపోతాయి, డబ్బులు కట్టేముందు ఉండాయో లేవో చూడు" అన్నాడు.