కొత్తపట్నం దారిలో మూడు రోజుల ‘శోధనలో జయం’ ఉపవాస కూటం: వెళ్ళొచ్చాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, రెండో రోజు పొద్దున జరిగే బైబిల్ వాక్య ధ్యానం కోసమైనా ఈ కూటానికి వెళ్ళొచ్చు. (శోధన అంటే ఇక్కడ తప్పు వైపు లాగే ప్రలోభం.) మొదటి రోజు రాత్రి బాక్సుల మోతకి మాత్రం చెవుల్లో దూది పెట్టుకోవాల్సిందే. సంఘం పేరు రాయట్లేదు, ఎందుకంటే మెచ్చుకునేవాటితో పాటు నచ్చనివీ రాస్తున్నా, పైగా చిన్న సంఘం. ఒంగోలు నుంచి కొత్తపట్నం వైపు వెళ్ళే దారిలో సరుగుడు తోటల మధ్య ఒక రేకుల షెడ్డు, పక్కన వంటపాక, అంతే. వేసవి సెలవుల్లో మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఇలాంటి కూటాలు చాలానే జరుగుతాయి కాబట్టి మీరు దేనికి వెళ్ళినా ఇది కొంత పనికొస్తుంది.

నేను వెళ్ళింది మా బామ్మర్ది కోసం. చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో పని, జీతం పర్లేదు, కానీ ఐపీఎల్ మొదలైతే ఆ జీతం చేతికి రాకముందే బెట్టింగుల్లో అయిపోతుంది. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ జూదం 2020లోనే నిషేధించారు, అయినా ఏదో ఒక యాపో లింకో వాడి ఫోన్లోకి వస్తూనే ఉంటుంది. బావా నువ్వొస్తే వస్తా అన్నాడు, సరే పద అన్నా.

మనిషికి 300 కట్టించుకుంటారు, లేనివాళ్ళని అడగరు. గేటు దగ్గరే ఫోన్లు తీసుకుని, వెనక నంబర్ అంటించి, ఆఫీసు గదిలో ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇంటికి ఫోన్ చేసుకోవాలంటే పొద్దునా సాయంత్రం ఒక పావుగంట, అదీ వాళ్ళ ముందే. స్విచాఫ్ చెయ్యమని చెప్పారు గానీ ఎవరు చేస్తారు! సాయంత్రం ఏడున్నర అయ్యేసరికి బీరువాలోంచి ఒకటే గుర్రుగుర్రు, వైబ్రేషన్లో ఉన్న ఫోన్లన్నీ రేకుకి తగిలి మోగుతున్నాయి. ఆరాధన జరుగుతోంది, మా వాడు చప్పట్లు కొడుతూ పాడుతూనే ఆ గది వైపు చూస్తున్నాడు. పాట ఆగి ప్రార్థనకి మోకరించాక చూశా, వాడి కుడిచేతి బొటనవేలు తొడ మీద కింద నుంచి పైకి, కింద నుంచి పైకి జరుగుతోంది, స్కోరు తోసి చూసుకుంటున్నట్టు. వాడికి ఆ సంగతే తెలీదు.

ఆ రాత్రి ప్రసంగం బయట నుంచి వచ్చిన బోధకుడిది. గొంతు బాగుంది, మనిషి మంచివాడే అయ్యుండొచ్చు, కానీ రెండు గంటల్లో ‘విడుదల’ అని అరవడం తప్ప ఆ విడుదల ఎలా వస్తుంది, వచ్చాక తెల్లారి లేచి ఏం చెయ్యాలి అన్నది ఒక్క ముక్క లేదు. తర్వాత సాక్ష్యాలు. ఫలానా రాత్రి ప్రార్థన చేయించుకున్నా, అప్పట్నుంచి మందు వాసనే పడట్లేదు, ఆ తలంపే రాలేదు అని ఒకరి తర్వాత ఒకరు. అబద్ధాలు అనట్లేదు, కొందరికి అలా జరుగుతుంది. కానీ ఇంకా లాగుతూనే ఉన్నవాడు అది విని ఏమనుకుంటాడు, నా విశ్వాసంలోనే లోటుందని కదా. మా వాడు పడుకునేటప్పుడు సరిగ్గా అదే అన్నాడు, ‘నాకు కుదరదులే బావా’ అని.

అందుకే రెండో రోజు పొద్దున ఎలా ఉంటుందో అని టెన్షన్ పడ్డా. ఆ కూటం వేరేలా ఉంది. సంఘ కాపరి అయ్యగారు రిటైరైన టీచరు, మైకు పక్కన పెట్టేసి వేపచెట్టు కింద చాప వేసుకుని కూర్చుని మత్తయి నాలుగో అధ్యాయం తెరవమన్నారు. యేసుప్రభువు నలభై రోజులు ఉపవాసముండి ఆకలిగొన్నాడు, అప్పుడొచ్చాడు శోధకుడు, అంటే సాతాను. ఆకలి పాపమా అని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. ఆకలి దేవుడిచ్చిందే, మరి ఆ ఆకలిని ఎవరి మాట విని, ఏ దారిలో తీర్చుకుంటాం అన్నదే శోధన అన్నారు. మూడుసార్లూ ప్రభువు వాదన పెట్టుకోలేదు, పాత నిబంధనలోని ద్వితీయోపదేశకాండంలోంచి ఒక్కొక్క మాట చెప్పి వదిలేశాడు. మధ్యలో శోధకుడు కూడా 91వ కీర్తన చదివాడని గుర్తుచేసి, వాక్యం నోటికొచ్చినంత మాత్రాన క్షేమమని అనుకోవద్దన్నారు, ఆ మాట అక్కడున్న పాస్టర్లకు కూడా తగిలుంటుంది.

వెనక నుంచి ఒకాయన, కందుకూరు వైపు నుంచి వచ్చిన ఆటో డ్రైవరు, లేచి అడిగాడు: ‘అయ్యగారూ, మనసు లాగిందంటేనే పాపం చేసినట్టు కాదా?’ అయ్యగారు హెబ్రీ పత్రిక 4:15 చదివించారు. ప్రభువు మనలాగే అన్నిటిలో శోధించబడ్డాడు, అయినా పాపం లేనివాడు. మరి శోధన రావడమే పాపమైతే ఆయన సంగతేంటి? ఆ తర్వాత యాకోబు పత్రిక మొదటి అధ్యాయం. దురాశ గర్భం ధరించి పాపాన్ని కంటుంది, పాపం పెరిగి మరణాన్ని కంటుంది. లాగడానికీ లొంగడానికీ మధ్య ఉన్న ఆ కాస్త సమయంలోనే మన పని ఉందన్నారు. చివరగా లూకా 4:13, అపవాది ఆయన్ని కొంతకాలం విడిచి వెళ్ళాడని ఉంది. ప్రభువు దగ్గరికే మళ్ళీ వద్దామనుకున్నవాడు నీ దగ్గరికి రాడా, వస్తాడు, రాసుకో అన్నారు. నవ్వారు అందరూ. మా వాడు మాత్రం నవ్వలేదు, నిజంగానే నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. రాత్రంతా జరిగిన హడావుడి కంటే ఈ ఒక్క వాక్యం వాడికి ఎక్కువ ఊపిరినిచ్చింది.

రాళ్ళను రొట్టెలు చేసుకోమన్న శోధన దగ్గర అయ్యగారు మన ఒంగోలు చరిత్రలోకి వెళ్ళారు, ఆయనకి అది నోటికొచ్చు. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. జనం బాప్తిస్మం ఇవ్వమని అడుగుతున్నా ఆ కరువులో ఆపేశారు, తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని. మళ్ళీ మొదలుపెట్టాక 1878 జూలై 3న మద్దిపాడు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మలో, ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. తొలి విశ్వాసుల్లో ఎక్కువమంది మాదిగపల్లెల వాళ్ళు. ఆదివారం పని చెయ్యం, చచ్చిన గొడ్డు మాంసం తినం, విగ్రహాలకు మొక్కం అని మూడు కట్టుబాట్లు పెట్టుకున్నారు. ఆదివారం పనికి రామంటే ఊరి పెద్దలు ఊరుకుంటారా, బావుల దగ్గరికి రానివ్వలేదు, కూలి ఆపేశారు. కడుపు కాలుతుంటే మాట మీద నిలబడటం అంటే అదీ. ఇంత చెప్పిన సంఘంలోనే ముందు రాత్రి కానుకల కవర్లు పంచి, ఎక్కువ వేసినవాళ్ళకు ఎక్కువ విడుదల అన్నట్టు మాట్లాడనిచ్చారంటే నాకు అర్థం కాలేదు. అయ్యగారితో విడిగా చెప్పా కూడా. తల దించుకుని ‘నిజమే బాబూ’ అన్నారు.

మధ్యాహ్నం గంజి తాగాక చిన్న చిన్న గుంపులు. ఇక్కడ అసలైన పని జరిగింది. నీ శోధన ఏ టైములో, ఎక్కడ, ఎవరితో ఉన్నప్పుడు వస్తుందో కాగితం మీద రాయమన్నారు. ‘రాత్రి ఏడున్నర, మేడ మీద, ఒక్కడినే’ అని రాశాడు మా వాడు. గుంపు పెద్ద ఒక రైతు, ఎక్కువ మాట్లాడడు, కాగితం చూసి ‘అయితే ఏడున్నరకి మేడెక్కబాక నాయనా’ అన్నాడు. ఆదికాండం 39లో యోసేపు వస్త్రం వదిలేసి పారిపోయాడు, నిలబడి ప్రార్థన చెయ్యలేదు అని కూడా అన్నాడు. యూపీఐ పిన్ను భార్యకు ఇచ్చెయ్యడం, అప్పులన్నీ ఒక కాగితం మీద రాసి ఆమె చేతికివ్వడం, ఆ టైముకి ఫోన్ చెయ్యడానికి ఒక మనిషిని పెట్టుకోవడం, ఇవన్నీ అక్కడే తేల్చారు.

మూడో రోజు గలతీ అయిదో అధ్యాయం. క్రీస్తు స్వతంత్రుల్ని చేశాడు, మళ్ళీ కాడి కింద తల పెట్టొద్దు అన్నది మొదటి వచనంలో ఉంది, పదమూడుకొచ్చేసరికి ఆ స్వాతంత్ర్యంతో ఏం చెయ్యాలో ఉంది, ప్రేమతో ఒకరికొకరు దాసులై ఉండమని. మత్తయి 12లో వదిలిపోయిన దయ్యం, ఊడ్చి పెట్టిన ఖాళీ ఇంట్లోకి ఇంకో ఏడు దయ్యాల్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చిన సంగతి కూడా దీనికి కలిపారు. నాకు మన నెల్లూరు జిల్లా దూబగుంట ఊరు గుర్తొచ్చింది. 1992లో ఆడవాళ్ళు సారా మీద లేచారు, సారా పోయింది, 1995లో మద్యనిషేధమే వచ్చింది, 1997లో ఎత్తేశారు. కొట్టు మూయించగలం, తాగాలన్న ఆశని చట్టంతో మూయించలేం. అయినా ఆ పోరాటం తక్కువేం కాదు, ఆ రోజుల్లో ఎన్ని ఇళ్ళు ఊపిరి తీసుకున్నాయో నెల్లూరు వాళ్ళని అడగండి.

ఒక విషయంలో మాత్రం గట్టిగానే చెప్పాలి. గుంపుల్లో ఒకాయన, రోజూ తాగే ఇంకొకాయనకి చేతులు వణుకుతుంటే, అది శత్రువు పని, మందులొద్దు, ప్రార్థన చాలు అన్నాడు. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాళ్ళు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావొచ్చు, మతి తప్పొచ్చు, ప్రాణం మీదికీ రావొచ్చు. అలాంటివాళ్ళని డాక్టరుకి చూపించకుండా మూడు రోజుల ఉపవాసంలో కూర్చోబెట్టకూడదు. అయ్యగారికి తెలిసిన వెంటనే ఆ వణుకుతున్నాయన్ని బండి మీద ఆస్పత్రికి పంపారు, అది మెచ్చుకోవాలి, కానీ ఇది గేటు దగ్గరే అడగాల్సిన ప్రశ్న. ఊరికే మాట్లాడాలన్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. బెట్టింగ్ వాళ్ళకీ అది పనికొస్తుంది.

భోజనం సంగతి: సాయంత్రం ఉపవాసం విరిచాక అన్నం, పప్పుచారు, ఆఖరి రోజు ప్రేమ విందులో కోడికూర. కారం మన జిల్లా కారమే, ఖాళీ కడుపుతో ఉన్నవాళ్ళు చూసుకోండి. ఆడవాళ్ళకి బాత్రూములు సరిపోలేదు, పొద్దున్నే క్యూ. ఉక్కపోత గురించి చెప్పక్కర్లేదు.

కూటం అయ్యాక ఏంటి అన్నది మీరు వెళ్ళే చోట ముందే అడగండి. ఇక్కడ శుక్రవారం సాయంత్రం ఆ గుంపు మళ్ళీ కలుస్తుంది, ఆ రైతే వారం మధ్యలో ఏడున్నరకి మా వాడికి ఫోన్ చేస్తున్నాడు. మా వాడు ఒక మ్యాచ్‌కి జారాడు, మర్నాడు తనే వాళ్ళకి చెప్పాడు, అంతకుముందు అయితే దాచేవాడు. ఐదుకి మూడున్నర ఇస్తా. సౌండు తగ్గించి, కవర్లు ఆపేసి, మందు అలవాటున్నవాళ్ళని ముందే డాక్టరుకి చూపిస్తే నాలుగున్నర. వెళ్ళేవాళ్ళు దుప్పటి, దోమల చక్రం, పెన్ను తీసుకెళ్ళండి. ఒంగోలు నుంచి షేర్ ఆటోలు సాయంత్రం అయితే పలచబడతాయి, మధ్యాహ్నం లోపే చేరుకోండి.