చీకటి బజార్లకు దారి చూపే సెర్చ్: మూసేస్తే మేలా, తెరిచి ఉంచితే మేలా?

డార్క్ వెబ్‌లో, అంటే మామూలు బ్రౌజర్లకు అందని చాటు ఇంటర్నెట్‌లో, నడిచిన సిల్క్ రోడ్ అనే డ్రగ్స్ బజారు వెనక ఎవరున్నారో తెలియక అమెరికా ఏజెన్సీలు తల పట్టుకున్న రోజుల్లో, గ్యారీ ఆల్ఫర్డ్ అనే పన్నుల శాఖ అధికారి మామూలు గూగుల్‌నే నమ్ముకున్నాడు. పాత తేదీలకు పరిమితం చేసి వెతికితే, 2011 జనవరిలో ‘ఆల్టాయిడ్’ అనే మారుపేరుతో ఎవరో ఆ సైటును పరిచయం చేసిన పోస్టు తగిలింది. అదే మారుపేరుతో మరోచోట ఇచ్చిన ఉద్యోగ ప్రకటనలో రాస్ ఉల్‌బ్రిక్ట్ ఈమెయిల్ ఉంది, అదీ సొంత పేరుతో! 2013 అక్టోబర్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలోని ఒక లైబ్రరీలో అతన్ని పట్టుకున్నారు. ఇలాంటి ఊసున్న పేజీలన్నీ సెర్చ్‌లోంచి తీసేయాలనే వాళ్ళకు నేను ముందు ఈ కథే చెబుతాను.

అలాగని వాళ్ళ వాదన ఉత్తదేం కాదు. 2014 ఏప్రిల్‌లో ఇలాంటి చీకటి బజార్లలో వెతికిపెట్టే గ్రామ్స్ అనే సెర్చ్ వచ్చింది. చూడ్డానికి అచ్చం గూగుల్‌లా ఉండేది. ఒక్క పెట్టెలో సరుకు పేరు కొడితే నాలుగైదు బజార్ల ధరలు పక్కపక్కన కనిపించేవి. అంతకన్నా పెద్ద సాయం అమ్మేవాళ్ళకు జరిగింది. ఒక బజారు మూతపడితే అందులో సంపాదించుకున్న మంచిపేరూ దానితోనే పోతుంది. ఆ అమ్మకందారు ఇప్పుడు ఎక్కడున్నాడో గ్రామ్స్ చూపించేది. అంటే పోలీసులు కొట్టిన దెబ్బకు ఇది మందు రాసేదన్నమాట. 2017 డిసెంబర్‌లో అది మూతపడింది. మరి బజార్లు ఆగాయా? 2019లో అదే తరహా సెర్చ్ మరొకటి పుట్టుకొచ్చింది.

డీప్‌డాట్‌వెబ్ సంగతి వేరు. అది సెర్చ్ కాదు, వార్తలతో పాటు బజార్ల లింకులు ఇచ్చే మామూలు సైటు. ఆ బజార్ల అడ్రసులు ఇప్పుడు 56 అక్షరాల గజిబిజి. ఎవరికీ గుర్తుండవు, పైగా నకిలీలు బోలెడు. అందుకే సరైన లింకు ఇచ్చేవాడికి అంత విలువ. ఆ సైటు వాళ్ళు పంపిన కొనుగోలుదారుల లెక్కన 8,000కు పైగా బిట్‌కాయిన్లు కమిషన్‌గా పుచ్చుకున్నారు. అప్పటి ధరల్లో దాదాపు 84 లక్షల డాలర్లు! 2019 మే నెలలో దాన్ని స్వాధీనం చేసుకున్నారు. మూసేయాల్సింది ఇలాంటివాటిని. ఇక్కడ లింకు సమాచారం కాదు, వ్యాపారం.

ఈ రెండు వాదనల నడుమ అహ్మియా ఉంది. ఫిన్లాండ్‌కు చెందిన యుహా నుర్మి మొదలుపెట్టిన సెర్చ్ ఇది; వాడేవాళ్ళ ఆచూకీ దాచే టోర్ నెట్‌వర్క్‌లోని సైట్లను వెతుకుతుంది. పిల్లలపై అఘాయిత్యాల సరుకును వడగట్టి పక్కన పెడుతుంది. నాకు ఈ పద్ధతి నచ్చింది. ఇక 2014లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా ప్రకటించిన మెమెక్స్ మరో దారి పట్టింది. మనుషుల్ని అమ్మే ప్రకటనలను పోగేసి, వాటి మధ్య సంబంధాలను బయటపెట్టే ఈ పనిముట్టును మాన్‌హట్టన్ ప్రాసిక్యూటర్లు వాడారు. ప్రకటనలు ముందే సెర్చ్‌కు అందకుండా పోతే అది పోగేసేదేముంటుంది?

కాబట్టి నా ఓటు తెరిచి ఉంచడానికే, కమిషన్ తినేవాళ్ళను మాత్రం వదలకుండా. వెతుక్కునే దారి పోలీసులకూ పనికొస్తుంది మరి. 2017 జులైలో ఆల్ఫాబే అనే చీకటి బజారు మూతపడగానే జనం కొత్త బజారు వెతుక్కుంటూ హన్సా అనే మరోదానికి పోటెత్తారు. అప్పటికే రెండు వారాలుగా హన్సాను గుట్టుగా నడుపుతున్నది డచ్ పోలీసులు. కొన్నవాళ్ళ విదేశీ అడ్రసులు దాదాపు 10,000 యూరప్ దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్ చేతికి వెళ్ళాయి.