కిడ్నీకి ఏది నయం: కార్బన్ నానోట్యూబులా, కార్బన్ డాట్లా?

కార్బన్ నానోట్యూబులంటే అతి సన్నని కార్బన్ గొట్టాలు, కార్బన్ డాట్లంటే అతి చిన్న కార్బన్ రేణువులు. రెండూ కార్బనే కదా, ఒంట్లోకి ఎక్కిస్తే తేడా ఏముంటుంది అనుకుంటాం గానీ, కిడ్నీ దగ్గరికొచ్చేసరికి లెక్కంతా మారిపోతుంది. కిడ్నీలో రక్తాన్ని జల్లెడలా వడకట్టే గ్లోమెరులస్ నుంచి సుమారు 6 నానోమీటర్ల లోపు కణాలు తేలిగ్గా మూత్రంలోకి జారిపోతాయి, అంతకంటే పెద్దవి చాలావరకు ఆగిపోతాయి.

కార్బన్ డాట్లకు ఇక్కడే కలిసొస్తుంది. సాధారణంగా 10 నానోమీటర్ల లోపే ఉంటాయి, నీళ్లలో బాగా కలుస్తాయి, చిన్నవైతే త్వరగా బయటికి పోతాయి. అలాగని పూర్తిగా సేఫ్ అనలేం. పై పూత, చార్జ్, మోతాదు అన్నీ చూడాలి, ఎందుకంటే ఆ జల్లెడకు నెగటివ్ చార్జ్ ఉంటుంది, పాజిటివ్ కణాలను అది తనవైపు లాగుతుంది.

నానోట్యూబుల కథ వేరు. ఒకే పొర గోడ ఉన్న ట్యూబు పొడవు వందల నానోమీటర్లున్నా మందం సుమారు 1 నానోమీటరే, అందుకే నీళ్లలో కరిగేలా మార్చిన ట్యూబులు సూదిలో దారం దూరినట్టు నిలువుగా తిరిగి జల్లెడ దాటాయని ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. నాకు భలే ఆశ్చర్యమేసింది! కానీ అలా మార్చనివి ఉండలు కడతాయి, కాలేయంలో, ప్లీహంలో పేరుకుంటాయి. తయారీలో వాడిన ఇనుము, నికెల్ అవశేషాలు మిగిలితే కిడ్నీ కణాల్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ (చురుకైన ఆక్సిజన్ అణువులు కణాలను దెబ్బతీయడం) పెరగొచ్చు, నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే.

నన్నడిగితే డాట్లవైపే మొగ్గుతాను, అదీ శుద్ధి సరిగ్గా చేసి, సైజు కొలిచి చూపిస్తేనే.